రీడు కింద కాగితం

నాన్నా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామనే అనుకున్నాను గానీ, నేను ఒకటడిగితే నువ్వు ఇంకొకటి చెబుతావు. గొంతు పెంచితే నీకు తప్ప మా మెట్ల మీద వాళ్ళందరికీ వినపడుతుంది. నలభై ఏళ్ళు డ్రమ్ముల ముందు నిలబడ్డ చెవులు, వాటిని అని ఏం లాభం. పైగా నేను అడగబోయేది అరిచి అడిగేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే జవాబు రాయి.

సంగతేమిటంటే, మా బ్యాండ్ మాస్టర్ల సంఘం ఏటా వేసే సంచిక పని ఈసారి నా నెత్తిన పడింది. స్కూళ్ళలో, కాలేజీల్లో బ్యాండ్ నేర్పే వాళ్ళని కలిసి, సంగీతం ఎలా నేర్పుతారో మాట్లాడించి రాయాలి. మాస్టారి కూతురివి, నీకు తెరవని తలుపు ఉండదు అని కార్యదర్శి నన్ను ములగచెట్టు ఎక్కించాడు. నేనూ ఎక్కాను. ఐదు ప్రశ్నలు రాసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరాను. ఆఖరి పేజీలు నీకోసం అట్టే పెట్టాను.

ముందు కాలేజీ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. నువ్వు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి వచ్చినాయనే. గది అలాగే ఉంది. పగిలిన కిటికీ అద్దానికి నువ్వు అంటించిన అట్ట ఇంకా ఉంది, ఎవరూ మార్చలేదు. మొదటి రోజు పిల్లలకి ఏం నేర్పుతారండీ అని అడిగితే, కుర్చీ ఎత్తడం అన్నాడు. నలభై మంది నలభై కుర్చీలు చప్పుడు కాకుండా ఎత్తి, గది అవతలికి మోసుకెళ్ళి, చప్పుడు కాకుండా దించాలట. మొదటి వారమంతా అదే పాఠమట. చప్పుడు చెయ్యకుండా ఉండటం చేతకాని వాడికి చప్పుడు చేసే సామాను ఎందుకండీ ఇవ్వడం అని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. నాకు భలే నచ్చింది, మర్నాడే మా స్కూల్లో నా బ్యాండ్ పిల్లల మీద ప్రయోగించాను. ఇరవై ఆరు కుర్చీలు, ఇరవై ఆరు ఉరుములు. కింద క్లాసులో లెక్కల మాస్టారు పైకొచ్చి, ఏమైనా కూలిందా అని అడిగి వెళ్ళాడు.

తర్వాత చిన్నపిల్లల బడిలో బ్యాండ్ నేర్పే టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దగ్గర యాభై మంది, అందరూ నడుమెత్తు వాళ్ళే. ఆవిడ మొదటి రోజు తలా ఒక కాగితం ముక్క ఇచ్చి గోడ ముందు నిలబెడుతుంది. చేత్తో కాకుండా, ఊదిన గాలితో ఆ కాగితాన్ని గోడకి అంటిపెట్టి ఉంచాలి, పదిహేను అంకెలు లెక్కపెట్టేదాకా పడకూడదు. ఎన్నేళ్ళుగా చేయిస్తోందో, ఆ గోడకి పిల్లల నోళ్ళ ఎత్తులో ఒక గీతలాగా రంగు పోయింది. సున్నం వేయించవచ్చు గానీ అది నా సర్టిఫికెట్టమ్మా, ఉండనీ అంది.

ఇంతవరకూ హాయిగానే ఉంది. చిక్కంతా కాలేజీ మాస్టారు నన్ను గేటు దాకా సాగనంపుతూ అన్న మాటతో వచ్చింది. పుస్తకం మూసేశాను కదా, ఆయన మామూలుగా మాట్లాడుతున్నాడు. పోటీ రోజు మాత్రం ముగ్గురు నలుగురి చేత మూగనోము పట్టిస్తానండీ, తప్పదు అన్నాడు. ఊదరు, ఊదినట్టు కూర్చుంటారు, అంతే. నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. బస్సెక్కాక పుస్తకం తెరిచి ఐదు ప్రశ్నల కింద ఆరోది రాశాను: "ఎప్పుడైనా ఒక పిల్లకి, నువ్వు ఊదకు, వేళ్ళు మాత్రం ఆడించు అని చెప్పారా?"

టీచరమ్మని అదీ అడిగాను. ఆవిడ స్వరాల కాగితాలన్నీ దొంతర పెట్టింది. ఎవరు చెప్పలేదమ్మా అంది. నేనైతే ఆ పిల్లల్ని ముందు వరసలోనే కూర్చోబెడతాను, వాళ్ళ అమ్మానాన్నలకి కనపడాలి కదా అంది. ఆవిడ మంచిది నాన్నా. అందుకే నాకు మరీ బాధేసింది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, నీతోనే మొదట చెబుతున్నాను. మా క్లారినెట్ వరసలో ఒక పిల్ల ఉంది. పన్నెండేళ్ళు. అందరూ పిచ్చుక అంటారు, ఎందుకంటే పై స్వరానికి ఎక్కినప్పుడల్లా పెదవి బిగించేస్తుంది, క్లారినెట్ కీచుమంటుంది. ఎన్నిసార్లు చెప్పినా కుక్క తోకే. పోయిన వారం మొదటి అంచె పోటీ. పై అంచెకి వెళ్ళాలంటే మొదటి ఎనిమిది బ్యాండుల్లో ఉండాలి. మా హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పింది, ఈ ఏడాది పై అంచెలో మొదటి మూడు స్థానాల్లో లేకపోతే బ్యాండ్ పీరియడు తీసేసి లెక్కలకిస్తానని. స్టేజి వెనక ఆ పిల్లని పక్కకి పిలిచాను. చిన్న కాగితం మడతపెట్టి, క్లారినెట్ నోటి దగ్గరున్న రీడు బద్ద కింద దూర్చాను. రీడు కదిలితేనే కదా శబ్దం, కాగితం అడ్డుంటే ఎంత ఊదినా ఉత్త గాలే. ఇవాళ నీకు వేళ్ళ పని మాత్రమే అని చెప్పాను. సరే టీచర్ అంది. అంతే, ఒక్క మాట ఎదురు అడగలేదు.

మేం నాలుగో స్థానంలో గట్టెక్కాం. కిందకి దిగాక అందరూ గోలగోలగా ఉన్నారు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "వేళ్ళు సరిగ్గా పడ్డాయా టీచర్?" అని అడిగింది. పడ్డాయన్నాను. సంతోషంగా వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఆరు ప్రశ్నలూ వేరే కాగితం మీద రాసి జతచేశాను. అమ్మని అడిగానని చెప్పు. జవాబులు నీ చేత్తోనే రాయి.

నీ కూతురు


చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. అమ్మ నాకంటే ముందు చదివేసి, ఏముందో చెప్పకుండా ముఖం మాత్రం మారుస్తూ కూర్చుంది. చెవిటివాడికి ఆ మాత్రం వినోదం ఉండాలిలే. నీ సంఘం వాళ్ళకి నా జవాబులు ఇవి. భాష దిద్దు, భావం ముట్టుకోకు.

ఒకటి. మొదటి రోజు నేను వినడం నేర్పేవాణ్ణి. వాయిద్యాలు బీరువాలోనే ఉంచి, పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఐదు నిమిషాల్లో వినపడ్డవన్నీ రాయమనేవాణ్ణి. సైకిల్ గంట, చీపురు, పక్క క్లాసులో దగ్గు. ఎక్కువ రాసినవాడికి నచ్చిన వాయిద్యం ముందు ఎంచుకునే హక్కు. కుర్చీలు మోయించడం కూలిపని అని నా వారసుడికి చెప్పు.

రెండు. నేర్పడానికి అందరికంటే కష్టమైన పిల్లవాడు ఎవరంటే, పిల్లవాడు కాదు, వాడి తండ్రి.

మూడు. రోజుకి పావుగంట సాధన చాలు, కానీ రోజూ. ఆదివారం నాలుగు గంటలు ఊది సోమవారం పెదవి వాచిందని వచ్చేవాణ్ణి నేను ఇంటికి పంపేసేవాణ్ణి.

నాలుగు. తిట్టాలా వద్దా అని అడిగావు. తిట్టాలి. కానీ పేరు పెట్టి తిట్టకూడదు, వరసని తిట్టాలి. తప్పు చేసినవాడికి అది తనకేనని ఎలాగూ తెలుస్తుంది, మిగతావాళ్ళకి తెలియనక్కర్లేదు.

ఐదు. మంచి బ్యాండ్ అంటే, మాస్టారు మధ్యలో మంచినీళ్ళు తాగడానికి వెళ్ళినా ఆగనిది.

ఆ పిల్ల సంగతి చదివాను. నువ్వు మరీ మనసులో పెట్టుకుంటున్నావు. ఇరవై ఆరు మందిని నడిపించేటప్పుడు ఒక్కోసారి అలాంటివి తప్పవు. పెదవి బిగించకుండా ఉండాలంటే కింది స్వరాల్లో పొడుగ్గా ఊదించు, పది రోజుల్లో తేడా తెలుస్తుంది. వేళకి తిను. తమ్ముడు పోయిన ఆదివారం వచ్చి వెళ్ళాడు, గోడ గడియారం బాగుచేస్తానని విప్పి ముక్కలు చేతికిచ్చి పోయాడు.

కాగితం అయిపోయింది, ఉంటాను.

మీ నాన్న


నాన్నా,

కాగితం అయిపోలేదు. సగం పేజీ ఖాళీగా ఉంది. వెనకవైపు మొత్తం ఖాళీగా ఉంది. ఐదింటికి అంత చక్కగా జవాబులు రాసి, ఆరోదాని దగ్గరికొచ్చేసరికి నీకు గడియారం ముక్కలు గుర్తొచ్చాయా? నీళ్ళు నమలడం నీకు చేతకాదని నాకు తెలుసు, నీ ఉత్తరం నిండా అదే కనపడుతోంది. కోపంగానే రాస్తున్నాను. ఇరవై ఏడేళ్ళ కోపం ఇది, మర్యాదగా బయటికి రాదు.

నీకు గుర్తులేదని మాత్రం అనకు. నాకు పదమూడేళ్ళు. నువ్వప్పటికి కాలేజీకి మారలేదు, మా స్కూల్లోనే బ్యాండ్ మాస్టారివి. నేను రెండో క్లారినెట్ వరస. పన్నెండు మందిమి. ఆ ఏడాది పోటీకి వాయించింది నువ్వు సొంతంగా కట్టిన పాట, నాది తప్ప స్వరాల కాగితాలన్నీ నువ్వే ఇంట్లో భోజనాల బల్ల మీద రాశావు. నాలుగో పంక్తిలో ఎప్పుడూ ఒకచోట కటకటమనేది. ఎవరో తప్పు వాయిస్తున్నారు అని మూణ్ణెల్లు వరస మొత్తాన్ని తిట్టావు. పోటీ పొద్దున, స్టేజి వెనక సామాన్ల గదిలో, ఇక లాభం లేదని ఒక్కొక్కరి చేత విడిగా ఊదించావు. పదకొండు మంది ఒకలాగా ఊదారు. నేను ఇంకొకలాగా ఊదాను.

నువ్వేనా అన్నావు. అందరూ నావైపు చూశారు. నాకింకా ఆ గది వాసన గుర్తుంది, పాత తెరలూ, కిరసనాయిలూ కలిసిన వాసన. నువ్వు బయటికి వెళ్ళావు. కాసేపటికి తిరిగొచ్చి, నా చేతిలోంచి క్లారినెట్ తీసుకుని, సిగరెట్టు పెట్టె లోపలి పల్చటి కాగితం మడిచి రీడు కింద పెట్టావు. "నువ్వు ఊదకు. వేళ్ళు మాత్రం ఆడించు" అన్నావు. పేరు పెట్టి తిట్టకూడదట. తిట్టలేదులే, అది నిజమే.

మనకి రెండో బహుమతి వచ్చింది. క్లారినెట్ వరస అద్దంలా ఉందని జడ్జి మైకులో అన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు నువ్వు నాతో మాట్లాడలేదు. నా కాగితం నేనే చూసి రాసుకున్నాను కదా, నీకు సాయం చేద్దామని, రాసుకునేటప్పుడే తప్పు రాసుకుని ఉంటాను అనుకున్నాను. తప్పు రాయడమే కాదు, పక్కనే పదకొండు మంది వాయిస్తుంటే మూణ్ణెల్లపాటు ఆ తేడా కూడా తెలుసుకోలేకపోయాను. తేడా ఉందని తెలుస్తూనే ఉండేది, కానీ నాకు నాదే సరిగ్గా వినపడేది. అందుకే, నాకు చెవి లేదు అని ఆ రోజు తేల్చుకున్నాను. ఆ తర్వాత నీ ముందు నేనెప్పుడూ క్లారినెట్ ఊదలేదు, గమనించావా? వంటింట్లో నువ్వు లేనప్పుడు ఊదుకునేదాన్ని. ఇవాళ్టికీ నా గదిలో శ్రుతి చూసే మిషన్ లేకుండా ఒక్క పిల్లకి కూడా నీ స్వరం తప్పు అని చెప్పలేను. ముల్లు చూసి చెబుతాను. నా పిల్లలు దానికి పెద్ద టీచర్ అని పేరు పెట్టారు. నేను నవ్వుతాను.

అలాంటిదాన్ని, అదే పని ఇంకో పిల్లకి చేశాను. మడత కూడా నీ మడతే నాన్నా. నా చేతులు ఎప్పుడు నేర్చుకున్నాయో నాకే తెలియదు.

ఇక ఇది చెప్పడానికే ఈ ఉత్తరం. పై అంచె పోటీలో పిచ్చుక ఊదుతుంది. కీచుమన్నా సరే ఊదుతుంది. ఆ పిల్ల తప్పు వాయించదని నేను అనడం లేదు. వాయిస్తుంది. నువ్వు చెప్పినట్టు కింది స్వరాలు పొడుగ్గా ఊదిస్తున్నాను, కాస్త నయం, కాస్తే. హెడ్మిస్ట్రెస్ గదికెళ్ళి ముందే చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్క పిల్ల కోసం ఇరవై ఆరు మందిని ముంచుతారా?" అంది.

"ఇరవై ఆరు మందిలో ఆ పిల్ల కూడా ఒకతె మేడమ్" అన్నాను.

ఆ మాట నాకు అప్పటికప్పుడు ఎలా తట్టిందో తెలియదు, మామూలుగా అయితే ఇలాంటివి ఇంటికొచ్చాక తడతాయి. పీరియడు పోతే నన్నడగొద్దు అంది. అడగనన్నాను. తర్వాత పిచ్చుకని పిలిచి, మొన్న నేను చేసింది తప్పు, ఈసారి నువ్వు ఊదాలి అని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను, భయపడింది. మళ్ళీ కీచుమంటే అని అడిగింది. అంటే అననీ, ఆగకు, తర్వాతి స్వరం అందుకో అన్నాను. ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో చెప్పుకుని ఏడ్చిందట. మర్నాడు మాత్రం రీడు కొత్తది కావాలని అడిగింది.

పోటీ పన్నెండు రోజుల్లో. ఆరో ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను. సంఘం కోసం కాదు.

నీ పెద్దది


నాన్నా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అమ్మ ఫోన్ చేసి, మీ నాన్న రాస్తున్నాడు చింపుతున్నాడు, ఇల్లంతా కాగితాలే, ఏమడిగావే అంది. ఆయన్నే అడుగు అన్నాను. సరే, నువ్వు చింపుతూ ఉండు, నేను పోటీ సంగతి చెబుతాను.

ఐదో స్థానం. ముందే చెప్పేస్తే నీకు రక్తపోటు పెరగకుండా ఉంటుంది. ఎనిమిది బ్యాండుల్లో ఐదోది. మొదటి పాట బాగా వెళ్ళింది, నాకే ఆశ్చర్యమేసింది. రెండో దాంట్లో, ట్రంపెట్లన్నీ ఆగి క్లారినెట్లు మాత్రమే మెల్లగా పైకెక్కే చోట ఉంది చూడు, హాలంతా ఊపిరి బిగబట్టుకునే చోటు, సరిగ్గా అక్కడ కీచుమంది. మామూలు కీచు కాదు నాన్నా, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన చెవి పట్టుకున్నాడు. ఎవరో నవ్వారు. నేను చేతులు ఆడిస్తూనే పిచ్చుక వైపు చూశాను. ముఖం ఎర్రగా కందిపోయింది, కళ్ళనిండా నీళ్ళు. కానీ క్లారినెట్ నోట్లోంచి తియ్యలేదు. ఒక్క స్వరం వదిలేసి, రెండో స్వరం అందుకుంది. చివరిదాకా ఊదింది. అంతకంటే ఎక్కువ సంగీతం నేను ఎవరికీ నేర్పలేదు ఈ పదిహేనేళ్ళలో.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ట్రంపెట్ వాళ్ళు దాన్ని ఏడిపించారు, నీ వల్లే అన్నారు. నేను లేవబోయాను. ఈలోగా డ్రమ్ము వాయించే లావుపాటి పిల్ల లేచి, మొదటి పాటలో మీరు రెండుసార్లు ముందే దూకారు, లెక్కపెట్టాను, చెప్పనా అంది. వాళ్ళు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. నేను మళ్ళీ కూర్చున్నాను.

హెడ్మిస్ట్రెస్ మాట మీద నిలబడే మనిషి. బ్యాండ్ పీరియడు లెక్కలకి వెళ్ళింది. లెక్కల మాస్టారు పాపం నా దగ్గరికొచ్చి క్షమించండి అన్నాడు, ఆయన తప్పేముంది. గది మాత్రం తీసుకోవద్దని పట్టుబట్టాను, తాళం నా దగ్గరే ఉంది. బడి మొదలవ్వకముందు, ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నేర్పుతానని కాగితం రాసిచ్చాను. వచ్చేవాళ్ళు వస్తారు. మొదటి రోజు పద్నాలుగు మంది వచ్చారు. రెండో రోజు పందొమ్మిది. పిచ్చుక మూడో రోజు వచ్చింది, వాళ్ళమ్మకి పొద్దున డ్యూటీ, చెల్లెల్ని బడిలో దింపి రావాలి, అందుకని ఎనిమిదింటికి గానీ రాలేదు. అరగంటైనా సరే రమ్మన్నాను. ట్రంపెట్ వాళ్ళలో ఇద్దరు ఇంకా రాలేదు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ తండ్రులతో మాట్లాడాలి. నీ రెండో జవాబు తలుచుకుంటూ వెళతాను.

నేను ఓడిపోయానని అనుకోవడం లేదు. అలసిపోయాను, అంతే.

సంచిక నెలాఖరుకి అచ్చుకి వెళుతుంది. కాలేజీ మాస్టారూ, టీచరమ్మా ఇద్దరూ ఆరో ప్రశ్నకి తమ జవాబులు వేసుకోమన్నారు. టీచరమ్మ అయితే తనే ఇంకో నాలుగు వాక్యాలు కలిపింది. నీ ఐదు జవాబులూ వేస్తాను. ఆరోదాని అంకె వేసి, దాని ఎదురుగా ఖాళీ వదిలేస్తాను. నేను నీ బదులు ఏమీ రాయను.

నీ కూతురు


చిట్టితల్లీ,

ఖాళీ వదలకు. ఇదుగో జవాబు. తొమ్మిది కాగితాలు చింపాను, ఇది పదోది. దీన్ని చింపకుండా అమ్మ ఎదురుగా కూర్చుంది.

ఎప్పుడైనా ఒక పిల్లకి ఊదకు అని చెప్పారా అని అడిగావు. చెప్పాను. చాలామందికి చెప్పాను. వాళ్ళందరూ తప్పు వాయించేవాళ్ళు, ఒక్కరు తప్ప.

ఆ రోజు నువ్వు ఊదింది విని నేను బయటికి వెళ్ళానన్నావు కదా. సంచిలో ఉన్న అసలు స్కోరు, నేను పాట మొత్తం రాసుకున్న కాగితం, చూడటానికి వెళ్ళాను. నాలుగో పంక్తిలో ఆ స్వరానికి ముందు, దాన్ని అరమెట్టు పైకెత్తే షార్ప్ గుర్తు ఉంది. నేను కట్టిన పాట, నా చేత్తో నేనే పెట్టుకున్న గుర్తు. పిల్లల కోసం మొదటి కాపీ రాసేటప్పుడు దాన్ని వదిలేశాను. ఆ కాపీ చూసి మిగతా పదీ రాశాను. నువ్వొక్కతెవే స్కోరు ముందేసుకుని నీది నువ్వు రాసుకున్నావు. పదకొండు మందీ మూణ్ణెల్లు నా తప్పు సాధన చేశారు. నువ్వు సరిగ్గా వాయించావు. మూణ్ణెల్లు, చుట్టూ పదకొండు మంది తప్పు ఊదుతుంటే, వాళ్ళతో కలిసిపోకుండా సరిగ్గా వాయించావు. అలాంటి చెవి నా దగ్గర చదివిన వాళ్ళలో ఇంకెవరికీ లేదు. నాకూ లేదు. ఉంటే ఆ కటకట ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియడానికి మూణ్ణెల్లు పట్టేది కాదు.

స్టేజి ఎక్కడానికి ఇరవై నిమిషాలు ఉంది. పదకొండు మందికి అప్పటికప్పుడు మార్చి నేర్పలేను, అది నిజం. కానీ నీతో, అమ్మా తప్పు నాది, ఇవాళ్టికి వాళ్ళలాగే వాయించు అని చెప్పవచ్చు. నువ్వు వాయించేదానివి. అలా చెప్పాలంటే పన్నెండు మంది ముందు, తప్పు మాస్టారిది అని ఒప్పుకోవాలి. మూణ్ణెల్లు వాళ్ళని తిట్టినవాణ్ణి. నాకు నోరు రాలేదు. నీ నోరు మూయించడం తేలికనిపించింది. నీ కాగితం కూడా తీసుకుని చింపేశాను, ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తారేమోనని. పాట నాదే కాబట్టి జడ్జీలకి అసలు స్వరం ఏమిటో తెలిసే దారి లేదు. అద్దంలా ఉందని ఆయన మైకులో అంటుంటే నేను నీవైపు చూడలేకపోయాను. ఇంటికొచ్చేటప్పుడు మాట్లాడకపోవడానికి కారణం అది, కోపం కాదు.

నువ్వు నా ముందు క్లారినెట్ ఊదడం మానేశావని గమనించానా అని అడిగావు. గమనించాను. వంటింట్లో ఊదుకోవడమూ తెలుసు. వీధి గుమ్మంలో చెప్పులు విప్పకుండా, నువ్వు ఆపేదాకా బయటే నిలబడేవాణ్ణి. అప్పట్లో చెవులు బాగానే ఉండేవి. ఎన్నోసార్లు లోపలికొచ్చి చెబుదామనుకున్నాను, రేపు చెబుదాం రేపు చెబుదాం అని ఇరవై ఏడేళ్ళు చేశాను. నీకు చెవి లేదని నువ్వు తేల్చుకున్నావని మాత్రం నీ ఉత్తరం చూసేదాకా తెలియదు తల్లీ. అది తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి అనుకుంటున్నాను. ఆ మాటా ఖాయంగా చెప్పలేను. అమ్మకి ఈ సంగతి నిన్ననే చెప్పాను. రెండు పూటల నుంచి నాతో మాట్లాడటం లేదు. నాకు వినపడదు కాబట్టి పళ్ళెం గట్టిగా పెట్టి తెలియజేస్తోంది.

ఆ పిల్ల విషయంలో నువ్వు చేసింది నేను చెయ్యలేకపోయేవాణ్ణి. నేను సరిగ్గా వాయించేదాన్నే ఆపాను, నువ్వు తప్పు వాయించేదాన్ని కూడా ఊదనిచ్చావు. ఐదో స్థానమంటే నాకు రక్తపోటు పెరగలేదు. నా రెండో బహుమతి కప్పు బీరువా మీద ఉండేది కదా, తీసి కింద పెట్టాను. దాన్ని ఏం చెయ్యాలో నువ్వొచ్చినప్పుడు చెప్పు.

ఒకటి మిగిలింది. ఆ పదకొండు మందిలో ఎవరి నోరు మూయించినా, సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నతో చెప్పుకునేవాళ్ళు. మర్నాడు ఆ నాన్న నా గది ముందు నిలబడి, ఎందుకండీ మా పిల్లని ఆపారు అని అడిగేవాడు. నువ్వు ఇంటికెళ్ళి చెప్పుకోవలసిన నాన్నని నేనే. అందుకే నీకు ధైర్యంగా చేశాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను, వెంటనే క్షమించమని కాదు.

ఈ జవాబు మొత్తం అచ్చు వెయ్యి. భాష కూడా దిద్దకు.

నాన్న